ఆకు ఆగదు: వరుసగా రెండు పట్టు పంటలు పోయాక నా అనుభవం

పట్టుపురుగుల షెడ్డు తలుపు తీయకముందే పంట ఎలా ఉందో చెవికి తెలుస్తుంది. చివరిదైన ఐదో దశలో ఉన్న పురుగులు ఆకు తింటుంటే లోపల సన్నని జల్లు పడుతున్నట్టు ఉంటుంది. 2023 ఏప్రిల్‌లో ఒక తెల్లవారుజామున ఆ చప్పుడు పలచబడింది. తలుపు దగ్గరే నా కాళ్లు ఆగిపోయాయి. లైటు వేసి చూస్తే పురుగులు ఆకు మీద లేవు. ఆకు పరిచిన పడక అంచులకు చేరి తలలు ఎత్తి అటూ ఇటూ తిరుగుతున్నాయి. ఒంటి మీది కణుపులు ఉబ్బి పసుపు తిరిగాయి. ఒకదాన్ని వేలితో తాకితే చర్మం చిట్లి పాలలాంటి ద్రవం కారింది.

మాది మడకశిర వైపు ఒక చిన్న ఊరు. రెండెకరాల మల్బరీ తోట, 50 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు ఉన్న షెడ్డు, ఒక బోరు, రెండు ఆవులు మా ఆస్తి. ఒక ఎకరం ఆకు పురుగులకు పెడుతుంటే రెండో ఎకరం పెరుగుతూ ఉంటుంది. పిల్ల పురుగులను పెంచి ఇచ్చే చాకీ కేంద్రం నుంచి రెండో జ్వరం దాటినవాటిని తెచ్చుకుంటాం. పురుగు కుబుసం విడిచే ముందు మేత మాని కదలకుండా ఉండిపోవడాన్ని మేం జ్వరం అంటాం. ఆ తర్వాత మా దగ్గర పదిహేడు, పద్దెనిమిది రోజులు మేపితే గూడు కట్టడం మొదలవుతుంది. ఆ ఏప్రిల్‌లో మేం తెచ్చింది రెండు వందల గుడ్ల పంట. ఒక్కో గుడ్డు అంటే ఒక తల్లి సీతాకోకచిలుక పెట్టిన మొత్తం గుడ్లు, అంటే నాలుగైదు వందలు. లెక్కకు ఎనభై వేలకు పైగా పురుగులు. నూట ముప్పై కిలోల గూళ్లు వస్తాయని, హిందూపురం మార్కెట్‌లో కిలో ఐదు వందలు పలికినా అరవై ఐదు వేలు చేతికందుతాయని అనుకున్నాం. అబ్బాయి కళాశాల ఫీజు అందులోంచే కట్టాలి.

వచ్చినవి ఇరవై రెండు కిలోలు. అవీ పలచటి, మరకల గూళ్లు.

ఆ పాలురోగాన్ని పట్టు పరిశ్రమ శాఖవాళ్లు గ్రాసరీ అంటారు. అది వైరస్ వల్ల వస్తుంది, మందు లేదు. రోగం బయటపడ్డాక పురుగును బతికించే దారి లేదు, మిగతా పురుగులకు అంటకుండా చూసుకోవడమొక్కటే చేతిలో ఉంటుంది. ఈ సంగతి నాకు అప్పటికే తెలుసు. తెలిసి కూడా రెండు రోజులు ఏమీ చేయలేదు. మా ఆయన అరుగు మీద కూర్చుని బెంగళూరులో ఎవరికో ఫోన్ చేసి, పని దొరుకుతుందా అని అడుగుతున్నారు. నేను వంటింట్లో కూర్చుని ఎవరి తప్పని వెతుకుతున్నాను. చాకీ కేంద్రానిదా, ఎండదా, ఆకు కోసిన కూలీలదా, నాదా? వెతికేది కారణాన్ని కాదు, ఎవరి మీద కోప్పడాలో తేల్చుకోవడానికే వెతుకుతున్నానని చాలా రోజుల తర్వాత గాని అర్థం కాలేదు.

మూడో రోజు రెండో ఎకరం దగ్గరకు వెళ్లాను. కొమ్మలు నడుము దాటి పెరిగాయి. ఇంకో పదిహేను రోజుల్లో ఆకు మేపుకు సరిగ్గా సరిపోతుంది. అది దాటితే ముదిరి గరుకెక్కుతుంది, కింది ఆకులు పండి రాలతాయి. రైతు ఇంట్లో ఏం జరిగిందో మల్బరీకి పట్టదు. నీళ్లు పడితే పెరుగుతుంది. తోటను చూసేసరికి నాలో కంగారు లేచింది. ఆ కంగారునే ధైర్యమనుకున్నాను.

వెంటనే పనిలోకి దూకాం. షెడ్డు ఊడ్చాం. పోయినేడు వాడగా మిగిలిన బ్లీచింగ్ పౌడరు సగం సంచి గోడ వారన ఉంటే నీళ్లలో కలిపి కొట్టాం. చాకీ కేంద్రానికి ఫోన్ చేసి మళ్లీ రెండు వందల గుడ్లు చెప్పాం. పంట పోయిన మూడు వారాలకే షెడ్డులో పురుగులున్నాయి. "పడినా వెంటనే లేచారు" అని చుట్టుపక్కలవాళ్లు మెచ్చుకున్నారు. ఆ మాట నాకు తీపిగా అనిపించింది.

మే నెలాఖరులో నాలుగో జ్వరానికి కూర్చోవాల్సిన పురుగులు కూర్చోలేదు. వాటి చర్మం నూనె రాసినట్టు మెరిసింది. మర్నాటికి పాలు కారడం మొదలైంది. ఈసారి ఇరవై రెండు కిలోలు కూడా రాలేదు, అసలు ఏమీ రాలేదు.

ఆ సాయంత్రం షెడ్డు వెనక నిలబడి ఏడ్చాను. మా అత్త వచ్చి కొంచెం దూరంలో ఆగింది. "ఏడుపొస్తే ఏడువు తల్లీ. కానీ స్నానం చేసి వచ్చి ఏడువు. ఆ చేతులతో అన్నం కుండ ముట్టకు" అంది. ముప్పై ఏళ్లకు పైగా పురుగులు మేపిన మనిషి ఆమె. ఆ మాటలో నా మీద ప్రేమ ఉంది. నేను పట్టించుకోని అసలు విషయమూ అందులోనే ఉంది, ఆ రాత్రి మాత్రం నాకు తట్టలేదు. స్నానం చేసి, తిని, పడుకున్నాను.

మర్నాడు పట్టు పరిశ్రమ శాఖ సాంకేతిక అధికారి మా షెడ్డుకు వచ్చారు. మొదటి పంట పోయినప్పుడే నేను పిలవాల్సింది. సిగ్గుపడి పిలవలేదు. ఆయన నన్నేమీ అనలేదు, మూడు ప్రశ్నలు అడిగారు. బ్లీచింగ్ పౌడరు ఎప్పుడు కొన్నారు? చచ్చిన పురుగులు, పెంట ఎక్కడ వేశారు? చచ్చినవి ఏరిన మనిషే ఆకు వేశారా?

సంచి మూతి విప్పి ఏడాది అయింది. గాలి తగిలి, గడ్డ కట్టి, అందులోని క్లోరిన్ ఎప్పుడో పోయింది. మేం గోడలకు కొట్టింది ఒట్టి తెల్లనీళ్లు. పెంటంతా తోట గట్టు మీద దిబ్బగా పోశాం. కోళ్లు దాన్ని కెలికి చుట్టూ చల్లాయి. చచ్చిన పురుగులు ఏరిన గంపలోనే ఆకు తెచ్చాం. ఏరింది నేను, ఆకు వేసిందీ నేనే.

"గుడ్లు రోగరహితమేనమ్మా. మీ షెడ్డు కాదు" అన్నారాయన. ఇంకో మాట కూడా చెప్పారు. ఇవాళ పాలు కారి చచ్చిన పురుగుకు ఆ రోగం దాదాపు వారం కిందటే అంటి ఉంటుంది. నేను తలుపు దగ్గర చప్పుడు విని గుండె జారిపోయిన రోజుకు ముందే అంతా అయిపోయింది. చూడాల్సింది ఆ వారాన్ని. నేనేమో చావు కనబడిన రోజునే చూస్తూ కూర్చున్నాను.

నేను ఇది రాస్తున్నది ఈ తేడా చెప్పాలనే. ఏప్రిల్‌లో నేను కోలుకున్నానని అందరూ అనుకున్నారు, నేనూ అనుకున్నాను. కోలుకోలేదు, తొందరపడ్డాను. ఓటమి కళ్లెదుట ఉండటం భరించలేక దాని మీద కొత్త పంట కప్పేశాను. కింద రోగం అలాగే ఉంది. జూన్‌లో కూడా మేం త్వరగానే లేచాం, పన్నెండు రోజుల్లో షెడ్డులో మళ్లీ పురుగులున్నాయి. రోజుల లెక్క చూస్తే ఏప్రిల్ కంటే ఇదే త్వరగా జరిగింది. కానీ ఈ పన్నెండు రోజుల్లో ఒక్క పనీ కంగారుగా చేయలేదు.

మొదటి రెండు రోజులూ చచ్చినవాటి పనే. ఒక బకెట్‌లో సున్నం, బ్లీచింగ్ కలిపిన నీళ్లు పెట్టుకుని, పుల్లలతో ఏరి అందులో వేశాను. తోటకూ షెడ్డుకూ దూరంగా లోతైన గుంత తీయించాం. పురుగులు, పడకల పెంట, గట్టు మీది పాత దిబ్బ మొత్తం అందులో పోసి, సున్నం చల్లి, మట్టి కప్పాం. మా చేతులతో పెంచినవాటిని అలా పూడ్చడం కష్టమే. కానీ ఆ గుంత పూడ్చాక గుండెలో ఏదో కుదుటపడింది. ఏప్రిల్‌లో ఈ పని సరిగ్గా చేయలేదు, అందుకే అది నా మనసులో కూడా దిబ్బలాగే పడి ఉంది.

మూడో రోజు కడగడం. ముందు మామూలు నీళ్లతో కడిగి మురికి వదిలించాలి. మురికి మీద కొడితే క్లోరిన్ బలమంతా ఆ మురికికే ఖర్చయిపోతుంది. ఇది నాకు కొత్త సంగతి. స్టాండ్లు, వలలు, పురుగులు గూళ్లు కట్టే చంద్రికలు అన్నీ బయటికి తెచ్చి ఉతికి ఎండలో వేశాం. ఐదో రోజు హిందూపురం నుంచి తెచ్చిన సీలు విప్పని బ్లీచింగ్‌తో మందు కొట్టాం. లీటరు నీటికి 20 గ్రాముల బ్లీచింగ్, 3 గ్రాముల సున్నం. చదరపు మీటరు నేలకు రెండు లీటర్ల చొప్పున మా షెడ్డుకు దాదాపు 190 లీటర్లు. అంటే నాలుగు కిలోలకు కొంచెం తక్కువ బ్లీచింగ్, ఆరు వందల గ్రాములకు కొంచెం తక్కువ సున్నం. గోడలు, పైకప్పు లోపలి వైపు, స్టాండ్ల సందులు, గుమ్మం బయట నేల అంతా తడిసి కారేటట్టు కొట్టి, ఒక రోజంతా మూసి ఉంచాం. మొదటిసారి కొట్టిన ఆ పాత సగం సంచిలో ఈ బలం ఎక్కడిది! ఈ కొలతలు వంటింటి గోడ మీద బొగ్గుతో రాసుకున్నాను, ఇప్పటికీ చెరపలేదు.

షెడ్డు మూసి ఉన్నప్పుడు, అది ఆరుతున్నప్పుడు కొన్ని రోజులు ఖాళీ వచ్చింది. మనిషిని పడేసేది ఆ ఖాళీయే. పురుగులుంటే ఐదింటికి లేచి తీరాలి, లేకపోతే లేవాల్సిన పని లేదు. మొదటిసారి పంట పోయినప్పుడు ఏడున్నరకు లేచాను. ఆలస్యంగా మొదలైన ఆ రోజుల్లోనే బెంగళూరు మాటలు, తప్పులు వెతకడాలు, కొట్లాటలు అన్నీ జరిగాయి. అందుకని ఈసారి పురుగులు లేని షెడ్డుకు కూడా ఐదింటికే వెళ్లాను. ఉష్ణోగ్రత చూసి రాసేదాన్ని. మధ్యాహ్నం మళ్లీ చూసేదాన్ని. రేకుల కప్పు కింద లోపల 36 డిగ్రీలు! ఐదో దశ పురుగుకు 25 దగ్గర ఉండాలి. వేడికి పురుగు తట్టుకునే శక్తి తగ్గుతుందని, అప్పుడు ఈ రోగం చెలరేగుతుందని వినడమే గాని, ఖాళీ షెడ్డులో అంకె చూశాకే నమ్మాను. కప్పు మీద కొబ్బరి మట్టలు పరిచాం. కిటికీలకు గోనెపట్టాలు కట్టి తడిపాం. మధ్యాహ్నం లోపల 30కి దిగింది.

ఇంకొకటి కూడా పెట్టుకున్నాం. అప్పు మాట, ఫీజు మాట రాత్రిపూట ఎత్తకూడదు. పొద్దున పాలు పిండి, తోట పని అయ్యాకే కాగితం ముందేసుకుని మాట్లాడాలి. రాత్రి మాట్లాడితే అరవై ఐదు వేలు ఆరు లక్షలంత బరువుగా ఉండేవి. పొద్దున అదే లెక్క వేస్తే దారులు కనబడేవి. మొదటి ఎకరంలో ఏప్రిల్ తర్వాత కత్తిరించిన కొమ్మలు మళ్లీ మేపుకు వచ్చాయి. ఆకు చాలని ఒక రైతుకు అందులో ఎక్కువ భాగం అమ్ముదామన్న ఆలోచన అలాంటి ఒక పొద్దునే వచ్చింది. రెండో ఎకరంలో మిగిలిన ఆకు ఆవులకు వేశాం. అబ్బాయి ఫీజులో సగం ఆ ఆకు డబ్బుతోనే కట్టాం.

ఎక్కువ వాదన జరిగింది మాత్రం ఎన్ని గుడ్లు తేవాలన్న దాని మీద. మా ఆయన రెండు వందలన్నారు. రెండు పంటల నష్టం ఒక్కసారే పూడాలంటే అదే లెక్క అని ఆయన బాధ. నేను యాభై అన్నాను. "యాభైకి ఏం మిగులుతుంది?" అన్నారు. "షెడ్డు శుభ్రమైందో లేదో తెలుస్తుంది. నా చేతులకు మళ్లీ నమ్మకం వస్తుంది" అన్నాను. అత్త నా వైపు మాట్లాడింది. యాభైకే ఒప్పుకున్నారు. పోయిందంతా ఒక్క దెబ్బతో తిరిగి రావాలని పట్టుబట్టకపోవడమే ఆ ఏడాది మేం తీసుకున్న మంచి నిర్ణయమని ఇవాళ్టికీ గట్టిగా నమ్ముతాను. యాభై గుడ్ల పంట మళ్లీ పోయినా మేం తట్టుకోగలం. ఇంకో రెండు వందలు పోతే మాత్రం తోట పీకేసేవాళ్లం.

పదో రోజు మరోసారి మందు కొట్టాం. గుమ్మం దగ్గర బ్లీచింగ్ నీళ్ల తొట్టి, షెడ్డులోకి వేరే చెప్పులు, చేతులు కడగడానికి బకెట్. ఆకుకు తెల్ల గంప, చచ్చినవాటికి మూత ఉన్న ఎర్ర డబ్బా. ఆకు వేసేది నేను, ఏరేది మా ఆయన, ఒకరి పని ఒకరు ముట్టకూడదు. పన్నెండో రోజు పురుగులు వచ్చాయి.

ఆ పద్దెనిమిది రోజులు నేను సరిగ్గా నిద్రపోలేదని ఒప్పుకుంటాను. రోజుకు పదిసార్లు కణుపులు చూసేదాన్ని. నాలుగో జ్వరం రాత్రి స్టాండు పక్కనే కూర్చున్నాను. తెల్లవారేసరికి అన్నీ తలలెత్తి కదలకుండా ఉన్నాయి. పడక మీద సున్నం దులిపి బయటికి వచ్చి మా అత్తను నిద్ర లేపాను. "కూర్చున్నాయా?" అంది. "కూర్చున్నాయి" అన్నాను. ముప్పై మూడు కిలోల గూళ్లు వచ్చాయి. కిలో 520 చొప్పున 17,160 రూపాయలు. అంతకు ముందు దానికి మూడు, నాలుగు రెట్లు చూసిన చేతులే, కానీ ఆ నోట్లు లెక్కపెట్టినంత నెమ్మదిగా ఇంకే డబ్బూ లెక్కపెట్టలేదు.

ఆ ఏడాది చివర హిందూపురం దగ్గర కిరికెరలో రాష్ట్ర పట్టు పరిశోధన, అభివృద్ధి సంస్థ శిక్షణకు వెళ్లాను. అక్కడ లూయీ పాశ్చర్ గురించి చెప్పారు. కుక్కకాటు టీకా ఆయన పేరుతో తెలుసు గాని, పట్టుపురుగుల కోసం ఏళ్ల తరబడి పనిచేశాడని తెలియదు. 1865లో ఫ్రాన్స్ దక్షిణాన ఆలెస్ ప్రాంతంలో పట్టు రైతులు పెబ్రిన్ రోగంతో దివాలా తీస్తుంటే ఆయన్ను పంపారు. అంతకు ముందు ఆయన పట్టుపురుగును పట్టి చూసినవాడు కాదు. ఆ ఏడాదే తండ్రి పోయాడు, చిన్న కూతురు పోయింది. మరుసటి ఏడాది ఇంకో కూతురు. పురుగుల్లో కనబడే నలుసులు రోగానికి కారణం కాదని ఆయన మొదట పొరబడ్డాడు, తర్వాత దిద్దుకున్నాడు. దిద్దుకున్నాక కూడా మంచి గుడ్ల నుంచి వచ్చిన పురుగులు చచ్చాయి. అప్పుడు తెలిసింది, అక్కడ రోగం ఒకటి కాదు రెండని. ఆ రెండోది ఫ్లాచరీ. 1868లో పక్షవాతం వచ్చి ఎడమ వైపు పడిపోయింది. కొద్ది నెలలకే మళ్లీ పురుగుల దగ్గరకు వెళ్లాడు. గుడ్లు పెట్టిన తల్లి సీతాకోకచిలుకను నూరి సూక్ష్మదర్శినిలో చూసి, రోగం ఉంటే ఆ గుడ్లు పారేయాలన్న ఆయన పద్ధతే ఇప్పటికీ మన గుడ్ల కేంద్రాల్లో నడుస్తోంది. మేం వాడే రోగరహిత గుడ్లన్న మాటకు మూలం అదే. తరగతిలో అందరూ రాసుకుంటున్నారు, నేను రాసుకోలేకపోయాను. ఒక కారణం దొరికాక కూడా పురుగులు చస్తే ఆయన ఇంకో కారణం కోసం వెతికాడు. నేను ఏప్రిల్‌లో మొదటిదాన్ని కూడా వెతకలేదు.

శిక్షణ నుంచి వచ్చాక ఒక నోటుపుస్తకం మొదలుపెట్టాను. ఏ పంట ఎలా ఉన్నా రోజూ నాలుగు గీతలు. ఉష్ణోగ్రత, ఆకు ఏ గట్టుది, ఎన్ని చచ్చాయి, ఆ రోజు మామూలుగా కాకుండా చేసిన పని ఏదైనా ఉందా. ఇందులో నాలుగోదే ఎక్కువ పనికొచ్చింది.

2024లో మళ్లీ దెబ్బ తగిలింది, ఈసారి ఊజీ ఈగ. పురుగు ఒంటి మీద గుడ్డు పెడుతుంది, పిల్ల లోపలికి దూరిన చోట నల్ల మచ్చ పడుతుంది. ఉదయం మూడో స్టాండులో ఆ మచ్చలు చూసినప్పుడు గుండె దడదడలాడింది, అది తగ్గలేదు, తగ్గుతుందని కూడా అనుకోను. కానీ వంటింట్లోకి వెళ్లి కూర్చోలేదు. పుస్తకం తెరిచాను. నాలుగు రోజుల కిందట నా రాత: "స్టాండు జరిపాం, కిటికీ వల మేకుకు తట్టుకుంది." వెళ్లి చూస్తే వలకు బెత్తెడు చిరుగు. ఆ స్టాండు పురుగులను వేరు చేసి, మచ్చలున్నవాటిని ఏరి ఎర్ర డబ్బాలో వేశాం. ఇరవై కిలోల దాకా నష్టం వస్తుందని మా ఆయన లెక్క చెప్పి, రాత్రి మళ్లీ ఆ మాట ఎత్తలేదు. నేను నైలాను దారం, పెద్ద సూది తెచ్చుకుని చీకటి పడేదాకా వల కుట్టాను. పొద్దున ఐదున్నరకు గంప తీసుకుని ఆకుకు వెళ్లాను.